రారా సరస్సుకు బయల్దేరే ముందు

నేపాల్‌లో అన్నిటికంటే పెద్ద సరస్సు ఇదే. ముగు జిల్లాలో, దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. పోఖరా వెళ్లొచ్చినంత తేలిక కాదు.

- పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు. మనకు వీసా అక్కర్లేదు గానీ, ఆధార్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

- నేపాల్‌గంజ్ నుంచి రారా దగ్గరి విమానాశ్రయం తాల్చాకు చిన్న విమానం. మబ్బు పడితే ఎగరదు. తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి, లేదంటే టెన్షనే. లగేజీ తూకం దగ్గరా గట్టిగానే ఉంటారు. ఆవకాయ సీసా మానేసి, పొడి పొట్లం చాలు.

- మైదానంలోని నేపాల్‌గంజ్ నుంచి ఒక్కసారిగా 2,700 మీటర్ల ఎత్తున్న తాల్చాకు చేరతారు. మొదటి రోజు నెమ్మదిగా నడవండి. తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే ఇంకా పైకి ఎక్కొద్దు. తగ్గకపోతే కిందికి దిగాల్సిందే.

- నేపాలీ రూపాయలు నేపాల్‌గంజ్‌లోనే తీసుకోండి.

- అక్టోబరు రాత్రులు కూడా గడ్డకట్టించేస్తాయి. చలికి బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది, ఫోన్‌ను రగ్గులోనే పెట్టుకుని పడుకోండి.