బల్ల మీద బొగ్గు రైలు: ఆవిరి ఇంజను, హాపర్ వ్యాగన్లు, కింద గొయ్యి

హెచ్‌వో స్కేలులో, అంటే అసలు కొలతలో 87వ వంతుగా, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి బొగ్గు తెచ్చే రైలును 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు మీద నడపొచ్చు. ఇంజను డబ్బు పెడితే దొరుకుతుంది. ఇబ్బంది పెట్టేవి బొగ్గు, తేమ, వ్యాగన్ బరువు. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు వాటి గురించే.

ముందు కాలం విషయం తేల్చుకోవాలి. కింద తలుపులు గాలితో తెరుచుకునే బోబర్‌ఎన్ హాపర్ వ్యాగన్లవి గాలి బ్రేకులు. డబ్ల్యూజీ (బ్రాడ్‌గేజ్ గూడ్సు) ఆవిరి ఇంజన్లు లాగిన బండ్లవి వాక్యూమ్ బ్రేకులు. ఈ రెండింటినీ కలిపితే తెలిసినవాళ్లు నవ్వుతారు. కాలానికి కట్టుబడతామంటే పక్క తలుపుల పాత బాక్స్ వ్యాగన్లు పెట్టండి. వాటి పొడవు కప్లర్లతో కలిపి 13,729 మి.మీ., మోడల్లో 158 మి.మీ. వస్తుంది. కానీ కిందికి బొగ్గు జారడం చూడాలన్నదే కోరికైతే హాపర్లే పెట్టండి. బల్ల మీద రైల్వే బోర్డు మీరే.

ఇంజను కోసం చక్రాల అమరిక 2-8-2 (ముందు రెండు, మధ్యలో ఎనిమిది డ్రైవింగ్ చక్రాలు, వెనక రెండు) ఉన్న అమెరికన్ లైట్ మికాడో చూడండి. డబ్ల్యూజీ డ్రైవింగ్ చక్రం 1,562 మి.మీ., అంటే మోడల్లో 18 మి.మీ. మికాడోది 63 అంగుళాలు, మోడల్లో 18.4. ఆ తేడా కంటికి ఆనదు. ముందు బీముకు రెండు బఫర్లు, కౌక్యాచర్ అతికించి, నలుపు రంగు వేసి, బీజెడ్ఏ అని షెడ్డు అక్షరాలు రాస్తే విజయవాడ ఇంజను అయిపోతుంది. ప్యాసింజర్ బండ్లు లాగిన డబ్ల్యూపీ ఇంజనుకుండే గుండ్రటి ముక్కు డబ్ల్యూజీకి పెట్టకండి. చాలామంది పొరబడేది అక్కడే.

బల్లకు 12 మి.మీ. ప్లై, కింద 40 సెం.మీ.కి ఒకటి చొప్పున అడ్డ చట్రం. ప్లైని రెండు వైపులా, ముఖ్యంగా అంచులకు, వుడ్ ప్రైమర్ పట్టించాలి. ఒకవైపే పట్టిస్తే వానాకాలంలో రెండోవైపు తేమ పీల్చి బల్ల విల్లులా వంగుతుంది. వంపు వ్యాసార్థం 56 సెం.మీ. పెడితే అంచుల దగ్గర ఒక్కో పక్క 4 సెం.మీ.కు పైగా మిగులుతుంది. అంతకంటే బిగిస్తే ఎనిమిది డ్రైవింగ్ చక్రాలు ఒరుసుకుంటాయి. పట్టాలు పరిచేది ఏసీ గదిలోనో చలి పొద్దుననో అయితే, ప్రతి 91 సెం.మీ. పట్టాకు అర మిల్లీమీటరు పైచిలుకు సందు వదలండి. 25 డిగ్రీల తేడాకు ఆ పట్టా 0.4 మి.మీ. సాగుతుంది. సందు లేకపోతే మే నెలలో పట్టాలు లేచి నిలబడతాయి. ప్రతి పట్టా ముక్కకూ విడిగా కరెంటు తీగ సోల్డర్ చేయాలి. పట్టాలను కలిపే జాయినర్ల మీద ఆధారపడితే కృష్ణా తీరపు తేమకు కొన్ని నెలల్లోనే కరెంటు అందదు.

ఇక బొగ్గు. ఇస్త్రీ బండి కర్రబొగ్గు పనికిరాదు. మరీ తేలిక, పైగా నలిగి మసి అవుతుంది. రాక్షసి బొగ్గే కావాలి. గోనెసంచిలో పెట్టి సుత్తితో కొట్టి రెండు జల్లెళ్లు పట్టండి: 2 మి.మీ. జల్లెడలోంచి దిగాలి, 1 మి.మీ. జల్లెడ మీద నిలవాలి. కింద పడిన పొడిని పారేయండి, అది గేర్లలోకి చేరేది. నిలిచినదాన్ని నీళ్లు తేటపడే దాకా కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో మూతడబ్బాలో దాచండి. తడి బొగ్గు హాపర్‌లో ముద్దకట్టి దిగదు. వానాకాలంలో అసలు కేంద్రాల్లో బంకర్లు మూసుకుపోయేదీ ఇందుకే.

బరువు లెక్క ఇలా. బాక్స్‌ఎన్ (గాలి బ్రేకులున్న తర్వాతి కాలపు బొగ్గు వ్యాగన్) లోపలి ఘనపరిమాణం 56.3 ఘన మీటర్లు, మోడల్లో 85 సీసీ. సీసీకి 0.8 గ్రాముల చొప్పున నిండుగా పోస్తే 68 గ్రాములు. 123 మి.మీ. పొడవున్న వ్యాగన్‌కు సరైన మొత్తం బరువు 97 గ్రాములు. అంటే ఖాళీ వ్యాగన్ 29 గ్రాములే ఉండాలి. అంత తేలికది వెనక్కి తోస్తే పట్టా తప్పుతుంది. ఖాళీగానే 60 గ్రాములుండేలా అడుగున సీసపు ముక్కలు పెట్టి, బొగ్గు 35 గ్రాములకు మించకుండా లోపల దొంగ అడుగు వేయండి. దానికి కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర దొరికితే అంతకంటే కావలసింది లేదు. తేలిక, బ్లేడుకే తెగుతుంది. దొంగ అడుగు వాలు 50 డిగ్రీలకు తగ్గకూడదు. తగ్గితే మూలల్లో బొగ్గు నిలిచిపోతుంది.

తలుపు వెడల్పు 12 మి.మీ. ఉండాలి. గింజ సైజుకు ఆరు రెట్లు లేకపోతే గింజలు కమానులా అల్లుకుని ఆగిపోతాయి. పట్టాల మధ్య ఉన్నది 16.5 మి.మీ.లే కాబట్టి, గింజ 2 మి.మీ. దాటకూడదన్న షరతు అక్కడినుంచే వచ్చింది. సన్నని ఇత్తడి రేకు తలుపుకు పక్కకు 3 మి.మీ. పొడుచుకొచ్చే తీగ లివర్ పెట్టండి. బొగ్గు పడే గొయ్యి మొదట్లో పట్టా పక్కన వాలు ముక్క దాన్ని తోసి తెరుస్తుంది, గొయ్యి దాటాక ఎదురువాలు ముక్క మూస్తుంది.

గొయ్యి పొడవు 25 సెం.మీ., రెండు వ్యాగన్లు పట్టేంత. గరాటును నూనె డబ్బా రేకుతో 55 డిగ్రీల వాలుకు చేసి, కింద ప్లాస్టిక్ డబ్బా పెట్టండి. గొయ్యి మీద స్లీపర్లు తీసేసి, ఒక్కో పట్టాను విడిగా ఇత్తడి పట్టీకి సోల్డర్ చేయాలి. రెండు పట్టీలూ రేకు గరాటుకు తగలకూడదు, తగిలితే షార్టే.

అసలు గూడ్సు బండిలో 58 వ్యాగన్లుంటే మోడల్లో 7 మీటర్లు దాటుతుంది. పది చాలు: 123 మి.మీ. చొప్పున 1.23 మీటర్లు, ఇంజనుతో మీటరున్నర. సైడింగు (బండి నిలిచే పక్క పట్టా) 1.7 మీటర్లు ఉంచండి. ఇంజను కాక బండి బరువు కిలో. 350 గ్రాముల ఇంజను దాదాపు 75 గ్రాముల లాగుడు ఇస్తుంది. చదునైన పట్టా మీద 30 గ్రాములు చాలు, 50కి 1 ఎత్తులో ఇంకో 20 కలుస్తాయి, వంపులో మరికొంత. అంతకంటే నిటారు చేస్తే చక్రాలు అక్కడే తిరుగుతాయి. మీటరుకు 2.5 సెం.మీ. వాలులో తనంతట తాను కదలని వ్యాగన్ ఇరుసు చూడండి, సాధారణంగా దుమ్మే కారణం.

ఇరుసులకు నూనె వేయకండి, బొగ్గు పొడి అంటుకుని గట్టిపడుతుంది. గ్రాఫైట్ పొడి వాడండి. పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే పడ్డ గీతల్లో బొగ్గు పొడి కూర్చుంటుంది. ఆట అయ్యాక హాపర్లన్నీ ఖాళీ చేసి, బొగ్గును మళ్లీ 1 మి.మీ. జల్లెడ పట్టి డబ్బాలో పోయండి.