ప్రచార మార్గం ఎంచుకునే ముందు జాగ్రత్తలు

నల్లగొండ బత్తాయిని తోట నుంచి నేరుగా హైదరాబాద్ ఇళ్లకు చేర్చే స్టార్టప్ పెట్టినవారు, ప్రకటనలకు డబ్బు కట్టే ముందు, ఇప్పటికే కొన్న పదిమందికి ఫోన్ చేసి తమ సంగతి ఎలా తెలిసిందో అడిగి రాసుకోవాలి.

ఒక్కో కొత్త కొనుగోలుదారును రప్పించడానికయ్యే ఖర్చు, ఆ మనిషి మళ్లీ మళ్లీ కొనడం వల్ల మిగిలే లాభాన్ని మించితే, ఎంత సందడి కనిపించినా ఆ మార్గాన్ని వదులుకోవాలి. లైకులు చూసి మురిసిపోయేవారే ఎక్కువ.

ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, కరపత్రాలు, ఫ్లెక్సీలు అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తేలదు కాబట్టి, రెండు మూడింటిని మాత్రమే, చిన్న మొత్తంతో, ఒక్కోదానికి వేరు కూపన్ కోడ్ ఇచ్చి పరీక్షించాలి.

ప్రచార ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ నమోదు, అంటే పంపేవారి పేరు, సందేశం నమూనా టెలికాం కంపెనీల వద్ద నమోదు, ముందే చేయించుకోవాలి.

కాయ కోతకు రాని నెలల్లో ప్రకటనలు నడపకూడదు.