డిస్క్ పెట్టమని అడిగే ల్యాప్‌టాప్

బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొన్న పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 13 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. దాని డీవీడీ ఇమేజ్ ఫైల్‌ని రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, దాంతో బూట్ చెయ్యడమే. అక్కడ చెప్పుకోడానికేం లేదు.

ఇన్‌స్టాలర్‌లో రెండు చోట్ల మాత్రం తొందరపడకండి. రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మీ యూజర్‌కే సుడో హక్కు, అంటే అడ్మిన్ పనులు చేసే హక్కు, వస్తుంది. రెండోది, నెట్‌వర్క్ మిర్రర్, అంటే నెట్ నుంచి సాఫ్ట్‌వేర్ ఇచ్చే సర్వర్, కావాలా అని అడిగేచోట. మారతహళ్లిలో మా పీజీ వైఫై బ్రౌజర్‌లో లాగిన్ అయితే గానీ నడవదు. ఇన్‌స్టాలర్‌లో బ్రౌజర్ ఎక్కడిది? వద్దన్నాను. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చుంటే సరిపోయేది, ఆ రాత్రి తట్టలేదు.

తెల్లారి వీఎల్‌సీ వీడియో ప్లేయర్ వేద్దామంటే డిస్క్ పెట్టమంటోంది. ఈ ల్యాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవే లేదు! సాఫ్ట్‌వేర్ తెచ్చుకోడానికి దానికి తెలిసిన చోటు ఆ డీవీడీ ఒక్కటే మరి.

కడపలో మా తమ్ముడికీ ఇదే వచ్చింది. వాడికి ఫోన్‌లో చెప్పినట్టే చెప్తాను. సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లో ఆప్ట్ (సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ప్రోగ్రామ్) ఫోల్డర్, అందులో సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైలు. సాఫ్ట్‌వేర్ ఎక్కడ దొరుకుతుందో రాసుండేది ఇందులోనే. టెర్మినల్‌లో సుడో పెట్టి, నానో అనే ఎడిటర్‌తో తెరువు. సీడీరామ్ అని ఉన్న వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టు, ఆప్ట్ ఇక దాన్ని పట్టించుకోదు. కింద కొత్త వరుస: ముందు డెబ్, తర్వాత హెచ్‌టీటీపీతో మొదలయ్యే అడ్రస్, డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ స్లాష్ డెబియన్. ఆపైన ట్రిక్సీ (డెబియన్ 13 పేరు), మెయిన్, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్. మధ్యలో ఖాళీలు మర్చిపోకు.

ఆ చివరి మాట బద్ధకించి వదిలెయ్యొద్దు. చాలా వైఫై చిప్‌లకి కావాల్సిన ఫైళ్లు అందులోనే ఉంటాయి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వాటిని వేరే విభాగం చేశారు. ట్రిక్సీ బదులు స్టేబుల్ అని రాసేవాళ్లున్నారు. నేను రాయను. డెబియన్ 14 విడుదలైన రోజు మామూలు అప్‌గ్రేడ్ అనుకుని కొడితే మిషన్ కొత్త వెర్షన్‌లోకి దూకుతుంది. సెక్యూరిటీ అప్‌డేట్ల అడ్రస్ వేరు, దానికి ఇంకో వరుస ఉండాలి.

కంట్రోల్-ఓ, ఎంటర్, కంట్రోల్-ఎక్స్. తర్వాత సుడో ఆప్ట్ అప్‌డేట్.

ఉబుంటు అనే ఇంకో లినక్స్ కోసం చేసిన పీపీఏలు (విడి సాఫ్ట్‌వేర్ సోర్స్‌లు) డెబియన్‌లో కలపకండి, ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీల వెర్షన్లు కొట్టుకుంటాయి. బయటి కంపెనీ బ్రౌజర్ లాంటిది తప్పదంటే, దాని సోర్స్‌ని సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ ఫోల్డర్‌లో విడి ఫైలుగా పెట్టండి. వద్దనుకున్నప్పుడు ఆ ఒక్క ఫైలు తీసేసి, మళ్లీ అప్‌డేట్ కొడితే చాలు.