ఏసీ, ఫ్రిజ్ టెక్నీషియన్ పని: విశాఖలో నేర్చుకునే తోవ

ఏసీ చల్లబడటం లేదని పిలిస్తే చాలామంది నోట మొదట వచ్చే మాట "గ్యాస్ అయిపోయిందండీ". ఆ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తోసేది), కండెన్సర్ (వేడిని బయటికి వదిలే కాయిల్), కేపిలరీ (సన్నటి రాగి గొట్టం), కూలింగ్ కాయిల్ కలిపిన మూసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ ఎక్కిస్తే ఇంటివాళ్ల డబ్బు కొద్ది నెలల్లో గాలిలో కలుస్తుంది. ఈ పని నేర్చుకునేవాళ్లు మొదటి రోజు నుంచే ఒక వరుస అలవాటు చేసుకోవాలి: ముందు కరెంటు, తర్వాత గాలి, ఆపైన పైపులు, చిట్టచివర గ్యాస్.

ఎక్కడ చేరాలి

పదో తరగతి సైన్సు, లెక్కలతో పాసైతే ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ ట్రేడ్‌లో చేరవచ్చు. రెండేళ్ల కోర్సు. చివర్లో అఖిల భారత ట్రేడ్ పరీక్ష పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. విశాఖలో ప్రభుత్వ ఐటీఐ అంటే ముందుగా కంచరపాలెం వెళ్లి అడగండి. ప్రైవేటు ఐటీఐలో చేరాలనుకుంటే ఫీజు కట్టే ముందు కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ (డీజీటీ) గుర్తింపు (మునుపు ఎన్‌సీవీటీ గుర్తింపు అనేవాళ్లు) ఈ ట్రేడ్‌కే ఉందో లేదో చూడండి. తర్వాత వర్క్‌షాప్ చూపించమని అడగండి. వాక్యూమ్ పంపు, రెగ్యులేటర్‌తో నైట్రోజన్ సిలిండర్, గ్యాస్ తూచే డిజిటల్ త్రాసు, విప్పి చూడటానికి ఒక ఇన్వర్టర్ ఏసీ (కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి మారేది) లేనిచోట రెండేళ్లు గడిపినా చేతికి పని రాదు. పాత విండో ఏసీలు నాలుగు పెట్టుకుని నడిపే చోట్లకు దూరంగా ఉండటమే మంచిది.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ ఇస్తారు. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ తీసుకునే ట్రేడ్‌లలో ఆర్ అండ్ ఏసీ మెకానిక్ కూడా ఒకటి. ఐటీఐ మార్కులు చూస్తారు, రాత పరీక్ష ఉంటుంది, కాబట్టి మొదటి ఏడాది మార్కులను చిన్నచూపు చూడకండి.

కరెంటు

ఫిర్యాదుల్లో చాలా వాటికి గ్యాస్‌తో సంబంధమే ఉండదు. కంప్రెసర్ మూలుగుతోంది కానీ తిరగడం లేదంటే ముందు రన్ కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే, కరెంటు నిల్వ చేసే డబ్బా) చూడాలి. మెయిన్ ఆపి, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి (స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం ప్రమాదం, కెపాసిటర్ కూడా పాడవుతుంది), మీటర్ పెట్టాలి. 50 మైక్రోఫారడ్ అని రాసి ఉన్నది 38 చూపిస్తే మార్చేయాల్సిందే.

కంప్రెసర్ మూడు పిన్నుల (కామన్, రన్, స్టార్ట్) మధ్య రెసిస్టెన్స్ కొలవడం చేతికి రావాలి. కామన్-రన్ మధ్య అన్నిటికంటే తక్కువ, కామన్-స్టార్ట్ మధ్య అంతకంటే ఎక్కువ, స్టార్ట్-రన్ మధ్య ఆ రెండింటి మొత్తం. 2 ఓమ్‌లు, 5 ఓమ్‌లు వస్తే మూడోది 7 రావాలి. లెక్క కుదరకపోయినా, ఏదో ఒక పిన్ను బాడీకి తగిలినట్టు చూపినా వైండింగ్ పోయింది. కంప్రెసర్ మరీ వేడిగా ఉంటే లోపలి ఓవర్‌లోడ్ (వేడికి కరెంటు ఆపే రక్షణ స్విచ్చు) తెరుచుకుని కామన్ వైపు తెగినట్టు చూపిస్తుంది, చల్లారాక మళ్లీ కొలవకుండా తీర్పు చెప్పకండి.

ఇన్వర్టర్ బోర్డు వేరే సంగతి. 230 వోల్టుల సప్లై బోర్డులో డీసీగా మారాక ఆ వైపు 320 వోల్టులకు పైనే నిలబడి ఉంటుంది. మెయిన్ ఆపినా కొన్ని నిమిషాలు పోదు. మీటర్‌తో చూసి, దిగిపోయిందని తెలిశాకే చెయ్యి పెట్టాలి.

గాలి

ఇండోర్‌లో ఫిల్టర్ మూసుకుపోతే కాయిల్ మీద ఐసు కడుతుంది. గ్యాస్ తగ్గినా ఐసు కడుతుంది. అందుకే ఐసు చూడగానే గేజ్ (గ్యాస్ ఒత్తిడి చూపే మీటర్) తగిలించకూడదు. ఫిల్టర్, బ్లోయర్ కడిగి, ఐసంతా కరిగాక నడిపి చూడాలి. లోపలికి వెళ్లే గాలికి, బయటికి వచ్చే గాలికి తేడా సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. విశాఖలో ఉక్కపోత రోజుల్లో ఆ తేడా కాస్త తగ్గినా కంగారు పడకండి, కాయిల్ శక్తిలో కొంత గాలిలోని తేమను నీరుగా మార్చడానికే పోతుంది. ఆ నీరే డ్రెయిన్ పైపు వాలు సరిగా లేకపోతే గోడ మీద కారుతుంది.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు అవుట్‌డోర్ యూనిట్లకు ఉప్పుగాలి పెద్ద శత్రువు. రాగి గొట్టం, అల్యూమినియం రెక్క కలిసేచోట ఉప్పు తేమ చేరితే ముందు అల్యూమినియాన్ని తినేస్తుంది. తెల్లటి పొడిలా రాలుతుంది. రెక్కలు పోతే వేడి బయటికి పోక హై ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. మంచినీళ్లతో, తక్కువ ఒత్తిడితో తరచుగా కడగడమే ఉపాయం. యాసిడ్ క్లీనర్ వాడితే ఆ రోజుకు మెరుస్తుంది, కాయిల్ ఆయుష్షు తగ్గుతుంది. స్టాండు గాల్వనైజ్డ్‌ది, బోల్టులు స్టెయిన్‌లెస్‌వి వేయించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు ఇది. గోడకు వేసే యాంకర్ బోల్టు ప్లాస్టరింగ్‌లో ఆగిపోకుండా ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి.

పైపులు

పనివాడి చెయ్యి ఎలాంటిదో తెలిసేది ఫ్లేర్‌లో, అంటే నట్టుతో బిగించడానికి గొట్టం మూతిని గరాటులా విప్పడంలో. తుక్కు రాగి గొట్టం ముక్కలు తెచ్చుకుని కళ్లు మూసుకుని చేయగలిగేంతవరకు సాధన చేయండి. కట్టర్‌ను ఒకేసారి బిగించకుండా తిప్పుతూ కొద్దికొద్దిగా దించాలి. లోపలి అంచు గీసేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉండాలి, లేకపోతే రాగి పొడి లోపలికి పోయి కేపిలరీని మూసేస్తుంది. నట్టు ముందే ఎక్కించుకోవాలి. ఆర్-32, ఆర్-410ఏ అనే గ్యాసులతో నడిచే ఏసీలకు పావు అంగుళం గొట్టం ఫ్లేర్ 8.7 నుంచి 9.1 మిల్లీమీటర్లు, అర అంగుళానిది 16.2 నుంచి 16.6 మిల్లీమీటర్లు రావాలి. ముఖం మీద ఒక చుక్క ఆయిల్ చాలు, టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. టార్క్ రెంచితో పావు అంగుళానికి 14 నుంచి 18, అర అంగుళానికి 49 నుంచి 61 న్యూటన్ మీటర్లు. ఎక్కువ బిగిస్తే ఫ్లేర్ పలచబడి ఎండాకాలం ఒత్తిడికి చీలుతుంది.

బ్రేజింగ్ (టార్చ్ మంటతో గొట్టాలను అతికించడం) చేసేటప్పుడు గొట్టం లోపల నైట్రోజన్ సన్నగా పారుతూ ఉండాలి. లేకపోతే లోపల నల్లటి పొర కట్టి, తర్వాత ఊడి ఫిల్టర్‌లో పేరుకుంటుంది. అయ్యాక నైట్రోజన్ ఒత్తిడి పెట్టి సబ్బు నురగతో లీకు చూడాలి. ఎంత పెట్టాలన్నది యూనిట్ ప్లేటు మీద ఉంటుంది, దాన్ని దాటకండి. ఆక్సిజన్ మాత్రం ఎన్నడూ వాడకూడదు, కంప్రెసర్ ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది.

గ్యాస్

గ్యాస్‌తోనే గాలిని బయటికి తోసేసి ఫిట్టింగ్ ముగించడం ఊరంతా కనిపించే చెడ్డ అలవాటు. తేమ లోపలే ఉండిపోతుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లమై వైండింగ్‌ను తింటుంది. వాక్యూమ్ పంపుతో లోపలి ఒత్తిడిని 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలిచే ప్రమాణం) కిందికి దించి, పంపు వాల్వ్ మూసి పది నిమిషాలు చూడాలి. ముల్లు కాస్త పెరిగి ఆగిందంటే తేమ మిగిలింది, ఆగకుండా పెరుగుతుంటే లీకు. మామూలు మానిఫోల్డ్ గేజ్‌లో ఈ తేడా కనిపించదు, మైక్రాన్ గేజ్ కొనాల్సిందే.

కాయిల్‌లో గ్యాస్ 5 డిగ్రీల దగ్గర మరుగుతుంటే ఆర్-22కు సక్షన్ (కంప్రెసర్ లోపలికి పీల్చే వైపు ఒత్తిడి) దాదాపు 70 పీఎస్‌ఐ, ఆర్-410ఏకు 120, ఆర్-32కు 123 ఉంటుంది. అందుకే ముందు ప్లేటు మీద గ్యాస్ పేరు చదవాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, ప్రెషర్ చూసి నింపితే లెక్క తప్పుతుంది. ఉన్న గ్యాస్ సిలిండర్‌లోకి తీసేసి (రికవర్ చేసి), వాక్యూమ్ పెట్టి, ప్లేటు మీద రాసిన గ్రాములు తూచి ఎక్కించాలి. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి.

ఆర్-32 మెల్లగా మండుతుంది, ఆర్-290 అంటే ప్రొపేన్, బాగా మండుతుంది. గ్యాస్ తీసి నైట్రోజన్ తోలకముందు టార్చ్ వెలిగించకండి. ఏసీ మార్చడానికి పంప్‌డౌన్ (గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి బంధించడం) చేసేటప్పుడు కంప్రెసర్ నడుస్తుండగా ఫ్లేర్ నట్టు విప్పితే గాలి లోపలికి పోయి ఆయిల్‌తో నలిగి కంప్రెసర్ పేలుతుంది. రెండు వాల్వులూ మూసి, కంప్రెసర్ ఆపి, ఆ తర్వాతే నట్టు.

కోల్డ్ స్టోరేజీ వైపు వెళ్లేవాళ్లకు

విశాఖలో రొయ్యల ఫ్రీజింగ్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు ఈ పనికి ఇంకో దారి. అక్కడ ఎక్కువగా అమ్మోనియా వాడతారు. అది రాగిని తినేస్తుంది కాబట్టి గొట్టాలన్నీ స్టీలువి, పని వెల్డింగ్‌ది. గ్యాస్ ముసుగు లేకుండా, తప్పుకునే దారి తెలియకుండా ప్లాంట్ రూములోకి వెళ్లకూడదు. విషవాయువు ముప్పు ఊరికి తెలియని విషయం కాదు: 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో వేడెక్కిన ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు విచారణ కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ట్యాంకును చల్లగా ఉంచే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. అమ్మోనియా లీకైతే గాలికి అడ్డంగానో ఎదురుగానో తప్పుకోవాలి. ఆవిరిని నీటి తుంపరతో అణచవచ్చు. నేల మీద మడుగు కట్టిన ద్రవ అమ్మోనియా మీద మాత్రం నీళ్లు పోయకూడదు, ఆవిరి ఇంకా ఎగుస్తుంది.