ఉప్పుగాలిలో ఊచలు – 4వ పాఠం: మిల్లర్‌లో పోసే తుప్పు మందు

కిందటి పాఠంలో 50 మిల్లీమీటర్ల కవర్ (ఊచ మీద ఉండే కాంక్రీటు మందం) కోసం బ్లాకులు కట్టాం. ఇక మందు సంగతి: ఊచలు తుప్పు పట్టకుండా మిల్లర్‌లో, అంటే కాంక్రీటు కలిపే యంత్రంలో, పోసే కాల్షియం నైట్రైట్ ద్రావణం. కళింగపట్నం, బారువ, కోనాడ వైపు కట్టేవాళ్లకు ముందుగా వచ్చే సందేహం, మందు పోస్తే కవర్ తగ్గించవచ్చా అని. తగ్గించకూడదు. ఎందుకో చూడండి.

మంచి కాంక్రీటు పీహెచ్ 12.5కు పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఊచ మీద కంటికి కనపడనంత పలచని ఆక్సైడు పొర ఏర్పడి ఇనుమును కాస్తుంది. ఉప్పులోని క్లోరైడు ఈ పొరకే చిల్లులు పెడుతుంది. నైట్రైట్ చేసే పని, కరిగిపోబోతున్న ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్‌గా మార్చి చిల్లును అక్కడికక్కడే పూడ్చడం. అంటే ఇది ఉప్పును లోపలికి రాకుండా ఆపదు, వచ్చిన ఉప్పుతో పోటీ పడుతుంది. ఉప్పు ఎక్కువై మందు చాలకపోతే తుప్పు అంతటా పట్టకుండా ఒకటి రెండు చోట్లే గుంటలు తవ్వుతుంది. అరకొర మందుతో వచ్చే చిక్కు ఇదే.

కొనేటప్పుడు అడగాల్సింది 30 శాతం కాల్షియం నైట్రైట్ ద్రావణం. ఎరువుల కొట్లో దొరికే కాల్షియం నైట్రేట్ వేరు, ఒక్క అక్షరం తేడాతో మోసపోకండి. సోడియం నైట్రైట్ చవకే గానీ కాంక్రీటు బలం తగ్గిస్తుంది, వద్దు. మోతాదు ఘనపు మీటరుకు 10 నుంచి 30 లీటర్లు. ఎంత ఉప్పు చేరవచ్చో అంచనా వేసి, తయారీదారు పట్టికలో చూసుకోవాలి.

20 లీటర్లు అనుకుని లెక్క వేద్దాం. ఘనపు మీటరుకు 350 కిలోల సిమెంటు, అంటే 7 బస్తాలు. బస్తాకు మందు సుమారు 2.9 లీటర్లు. నీళ్లు, సిమెంటు బరువుకు 0.45 నిష్పత్తిలో, 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు. మందులోనూ నీరుంది, లీటరుకు దాదాపు 0.84 లీటరు, కాబట్టి 2.4 లీటర్లు తీసేయాలి. బస్తాకు 100 కిలోల ఇసుకలో 4 శాతం తడి ఉంటే మరో 4 లీటర్లు పోతాయి. మిల్లర్‌లో పోయాల్సింది 16 లీటర్లు. మేస్త్రీలు ఎక్కువగా తప్పేది ఇక్కడే: అలవాటు కొద్దీ నీళ్లు పూర్తిగా పోసి పైన మందు కలుపుతారు. నిష్పత్తి 0.58 దాకా పోయి, ఉప్పుకు మనమే దారి వేసినట్టవుతుంది.

వరుస ఇది: కంకర, ఇసుక, సిమెంటు, ముప్పాతిక నీళ్లు. తిరిగాక మందు. చివర్లో ప్లాస్టిసైజరును (తక్కువ నీళ్లతోనే కాంక్రీటు జారేలా చేసే మందు) మిగిలిన నీళ్లలో కలిపి వేరుగా పోయాలి. రెండు మందులూ ఒకే బకెట్లో ముందే కలపవద్దు. అన్నీ పడ్డాక కనీసం 2 నిమిషాలు తిప్పండి. నైట్రైట్ మందు సెట్టింగును, అంటే కాంక్రీటు గట్టిపడటాన్ని, తొందరపెడుతుంది. మే నెల ఎండలో స్లాబు వేస్తుంటే రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసే మందు) కావాల్సిందే, లేదా తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. ఒంటికి తగలనివ్వకండి, చేతికి గ్లౌజులు ఉండాలి. డబ్బాను తాగునీటి దరిదాపుల్లో పెట్టకండి, నైట్రైట్ విషం.

ఇసుకలోనే ఉప్పుంటే మందు మొదటి రోజు నుంచే ఖర్చవుతుంది. వంశధార, చంపావతి సముద్రంలో కలిసే చోటి ఇసుకను ముందు పరీక్షించండి: డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి వడకట్టి, రెండు చుక్కల పలచని నైట్రిక్ ఆమ్లం, ఆపైన సిల్వర్ నైట్రేట్ చుక్క వేయండి. పాలలా తెల్లబడితే క్లోరైడు ఉన్నట్టే. ఎంత ఉందో తేల్చేది ల్యాబు. కలిపే నీటిలో, కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఊచలున్న కాంక్రీటుకు, క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. తీరం పక్క బోరు నీళ్లు చాలాచోట్ల ఇక్కడే తప్పుతాయి.

అభ్యాసం: ఘనపు మీటరుకు 8 బస్తాలు, మోతాదు 25 లీటర్లు, బస్తాకు 90 కిలోల ఇసుక, తడి 5 శాతం, నిష్పత్తి 0.40. బస్తాకు ఎన్ని నీళ్లు పోయాలి? జవాబు 5వ పాఠంలో, పెచ్చులూడిన పాత స్లాబుల మరమ్మతుతో పాటు.