కత్తికీ నిప్పుకీ మధ్య తాళం: ఫైనల్ ఫాంటసీ 16 పోరాట పాఠాలు – 3

మొదటి పాఠంలో ఈ ఆట కథానాయకుడు క్లైవ్ వేళ్లకున్న, మన తరఫున ఆడిపెట్టే ఉంగరాలు తీసేశాం. రెండో పాఠంలో ఆర్1తో పక్కకి తప్పుకోవడం, ఆఖరి క్షణంలో తప్పుకుంటే వచ్చే ప్రెసిషన్ డాడ్జ్, ఆ వెంటనే స్క్వేర్ నొక్కి ఎదురుదెబ్బ తీయడం చూశాం. ఆ రెండూ ఇంకా చేతికి రాకపోతే ఇవాళ్టి పాఠాన్ని పక్కన పెట్టి వెనక్కి వెళ్లండి. తొందరేమీ లేదు, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి ఒక్క ప్రశ్న మీదే కూర్చుందాం. ఎబిలిటీలన్నీ, అంటే ఒకసారి వాడితే మళ్లీ నిండేదాకా ఆగాల్సిన ప్రత్యేక దాడులన్నీ వాడేశాక, అవి మళ్లీ నిండేలోపు ఏం చేయాలి?

ఈ ఆట మీద అందరూ చేసే ఫిర్యాదు మూలం ఇక్కడే ఉంది. 2023 జూన్ 22న పీఎస్5లో విడుదలైన దగ్గర్నుంచీ "మరీ సులువు, బటన్లు నొక్కుకుంటూ పోతే అయిపోతుంది" అనే మాట వింటూనే ఉన్నాం. ఆ మాట అబద్ధమేమీ కాదు. మొదటిసారి ఆడేటప్పుడు ఆర్2 పట్టుకుని ఉన్నవన్నీ శత్రువు మీద గుమ్మరించి, దూరంగా పరుగెత్తి, అవి నిండేదాకా చుట్టూ తిరిగి, వచ్చి మళ్లీ గుమ్మరిస్తే దాదాపు ప్రతి బాసూ (పెద్ద శత్రువు) పడిపోతాడు. మధ్యలో మీరే పడిపోయినా చెక్‌పాయింట్ దగ్గర పోషన్లు (ప్రాణం నింపే మందులు) నింపి మరీ ఆట మిమ్మల్ని నిలబెడుతుంది. ఏ శత్రువుకి ఏ మూలకం పనికొస్తుందో అన్న లెక్క కూడా లేదు. నిప్పులోంచి పుట్టినట్టున్న రాక్షసుడి మీద నిప్పు విసిరినా దెబ్బ దెబ్బే.

అయితే ఈ పోరాటాన్ని తీర్చిదిద్దిన ర్యోటా సుజుకి ఆషామాషీ మనిషి కాదు. క్యాప్‌కామ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, డెవిల్ మే క్రై 5 అనే యాక్షన్ ఆటలోని పోరాటం మీద చేయి తిరిగినవాడు. ఆయన పెట్టిన సరంజామా అంతా ఇందులోనూ ఉంది. గాలిలో శత్రువు మీద కాలుమోపి మళ్లీ ఎగరడం ఉంది, ఆయుధానికి ఆయుధం అడ్డుపెట్టడం ఉంది, ప్రతి వేటు చివరా దాక్కున్న ఒక రెండో అవకాశం ఉంది. ఇవి మీకు వచ్చా అని ఆట ఎక్కడా నిలదీయదు, అంతే. యాక్షన్ ఆటలు అలవాటు లేనివాళ్లు కూడా కథ చివరిదాకా వెళ్లగలగాలని నిర్మాత నావోకి యోషిదా బృందం కావాలనే అలా కట్టింది. ఈజీ, హార్డ్ అనే పేర్లు పెట్టకుండా స్టోరీ ఫోకస్డ్, యాక్షన్ ఫోకస్డ్ అన్నారు. తప్పుకునే పని, కాంబో (వరస వేట్లు) కొట్టే పని, వైద్యం చేసుకునే పని మన తరఫున చేసిపెట్టే టైమ్లీ ఉంగరాలు ఇచ్చారు. వేళ్లు సహకరించనివాళ్లకీ, కథ కోసమే వచ్చినవాళ్లకీ అది మేలైన ఏర్పాటు. వాళ్ల ఆటని ఎవరూ చిన్నచూపు చూడకూడదు.

నాకు ఒప్పుకోబుద్ధి కానిది వేరే ఉంది. శత్రువుల్ని బలంగా, మొండిగా మార్చే ఫైనల్ ఫాంటసీ మోడ్‌కి ఆట మొత్తం ఒకసారి పూర్తి చేసేదాకా తాళం వేసి ఉంచారు. నేర్చుకోవాలన్న ఆకలి ఉన్నవాడు అన్ని గంటలు ఆగాలా? అది మొదటి రోజు నుంచే తెరిచి ఉండాల్సింది. అలా లేదు కాబట్టి ఆ ఆకలి మనమే పుట్టించుకోవాలి. ఈ పాఠాల పని అదే.

ఖాళీ ఎంత పెద్దదో చూడండి

క్లైవ్ ఒకేసారి మూడు ఐకాన్లని, అంటే తనకి శక్తులిచ్చే మహాజీవుల్ని, వెంట పెట్టుకోగలడు. ఒక్కో ఐకాన్‌కి రెండు ఎబిలిటీలు, మొత్తం ఆరు. చిన్నవి కొద్ది సెకన్లలోనే తిరిగొస్తాయి, పెద్దవి నిండడానికి నిమిషం దాటిపోతుంది. అంటే ఒక బాస్ పోరులో ఎక్కువ సేపు మీ చేతిలో ఆ ఆరూ ఉండవు. ఉండేవి ఖర్చులేని సామాను మాత్రమే: స్క్వేర్ మీద కత్తి, ట్రయాంగిల్ మీద మంత్రం, సర్కిల్ మీద ఐకాన్ ఫీట్ (ఒక్కో ఐకాన్ ఇచ్చే ప్రత్యేక కదలిక), పక్కన క్లైవ్ కుక్క టోర్గల్. వీటికి కూల్‌డౌన్, అంటే నిండేదాకా ఆగాల్సిన పని, లేదు. ఎబిలిటీ చిహ్నాలు నల్లబడి ఉన్నప్పుడు దూరంగా తిరిగేవాడికి ఈ ఆట నిస్సారంగా అనిపిస్తుంది. అదే సమయంలో శత్రువుకి ఎదురుగా నిలబడగలిగినవాడికి అసలు ఆట మొదలవుతుంది.

మ్యాజిక్ బర్స్ట్

ఈ పాఠానికి గుండెకాయ ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఉందాం.

స్క్వేర్ వరసగా నొక్కితే క్లైవ్ నాలుగు వేట్లు వేస్తాడు. చాలామంది ఆట చివరిదాకా ఆ నాలుగింటితోనే బతికేస్తారు. అయితే ప్రతి వేటు తగిలిన వెంటనే, సరైన క్షణంలో ట్రయాంగిల్ నొక్కితే కత్తి వెంటే మంత్రం కూడా పేలుతుంది. దాన్ని మ్యాజిక్ బర్స్ట్ అంటారు. కాంబో తెగదు. నాలుగు వేట్ల మధ్య నాలుగు పేలుళ్లు చేరతాయి.

దీనికి బటన్ల పేర్లు బట్టీ పట్టడం కంటే నోటితో జతి చెప్పుకోవడం మేలు. మృదంగం నేర్చుకునే పిల్లలు చేతికంటే ముందు నోటితో నేర్చినట్టు, కంట్రోలర్ కింద పెట్టేసి ముందు ఇది పలకండి:

త – క – ధి – మి – త – క – జ – ణు

త, ధి, త, జ దగ్గర స్క్వేర్. క, మి, క, ణు దగ్గర ట్రయాంగిల్. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌తో ఆడేవాళ్లకి స్క్వేర్ స్థానంలో ఎక్స్, ట్రయాంగిల్ స్థానంలో వై. అక్షరాల మధ్య దూరం గడియారం ముల్లులా సమంగా ఉండదు. ప్రతి వేటుకీ దాని నడక ఉంది, ఆఖరి వేటు కాస్త బరువుగా సాగుతుంది. అందుకే వేగంగా నొక్కేవాడికి ఇది దొరకదు, వినేవాడికి దొరుకుతుంది. కళ్లు శత్రువు మీద, చెవి కత్తి తగిలిన చప్పుడు మీద పెట్టండి. ఆ చప్పుడే "క"కి పిలుపు.

తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది? ఆలస్యమైతే క్లైవ్ చేతిలోంచి మామూలు మంత్రం గుండులా ఎగిరి వెళ్తుంది, కాంబో ఊపు పోతుంది. సరిగ్గా పడితే పేలుడు కత్తివేటుకి అతుక్కునే, శత్రువు ఒంటి మీదే కనిపిస్తుంది. ఈ రెండింటికీ తేడా కంటికి తెలిసేదాకా ముందుకి వెళ్లకండి. ఇక ఇద్దరు ముగ్గురు చిన్న సైనికుల మీద సాధన చేస్తే లాభం లేదు, రెండో జతికే పడిపోతారు. క్లైవ్ స్థావరమైన హైడవేలో ఆరెటె స్టోన్ అనే రాయి దగ్గర శిక్షణ మోడ్ ఉంది. అక్కడ శత్రువుని మనమే ఎంచుకోవచ్చు. ప్రాణం గీత కింద పసుపు రంగు విల్ గేజ్ (శత్రువు నిలకడని చూపే గీత) ఉన్న పెద్ద శరీరం ఒకటి తీసుకోండి. అది మీ వేట్లకి వెంటనే తూలదు, కాబట్టి జతి మొత్తం పడుతుంది.

ముందు "తక" ఒక్కటే. అది నిలకడగా వచ్చాక "తకధిమి". ఆ తర్వాతే ఎనిమిది అక్షరాలు. మొదటి ముక్క గట్టిపడకుండా పూర్తి జతికి పోతే వేళ్లకి తప్పుడు లయ అంటుకుంటుంది, దాన్ని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

ప్యారీ

డాడ్జ్‌లో మనం దెబ్బకి దారిస్తాం. ప్యారీలో దెబ్బకే ఎదురెళ్తాం. శత్రువు ఆయుధం మన మీద పడే క్షణానికి మన కత్తి కూడా అక్కడ ఉండాలి. రెండూ ఢీకొంటే కాలం నెమ్మదిస్తుంది, ఆ విరామం పూర్తిగా మనదే.

ఇందులో ఇబ్బందల్లా ఒక్కటే. ఆర్1 నొక్కగానే క్లైవ్ కదులుతాడు, స్క్వేర్ నొక్కితే మాత్రం కత్తి చేయి దాటి శత్రువు దాకా వెళ్లడానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి డాడ్జ్‌కి అలవాటుపడిన క్షణం కంటే ఒక పిసరు ముందే నొక్కాలి. డాడ్జ్ బాగా వచ్చినవాళ్లే ప్యారీ దగ్గర ఎక్కువ తడబడతారు. వాళ్ల వేళ్లు ఆఖరి క్షణం కోసం కాచుకుని ఉంటాయి మరి. పెద్ద ఆయుధాన్ని వెనక్కి లాగి, ఒక్క క్షణం ఆగి కొట్టే శత్రువు దగ్గర మొదలుపెట్టండి. నేల మీద వలయం గీసి పేలే దాడులకి ప్యారీ లేదు, అక్కడ నిస్సందేహంగా తప్పుకోవడమే.

ఒక్క రౌండ్, దగ్గరనుంచి

ఇప్పుడు రెండూ కలిపి చూద్దాం. ఎదురుగా గొడ్డలి పట్టుకున్న భారీ శత్రువు. మీ ఆరు ఎబిలిటీలూ ఖాళీ. మీ దగ్గరున్న ఐకాన్ ఫీనిక్స్.

మీరు దూరంగా ఉన్నారు. సర్కిల్ నొక్కితే ఫీనిక్స్ షిఫ్ట్, కన్నుమూసి తెరిచేలోపు వాడి ముందుంటారు. అక్కడికి చేరుతూనే స్క్వేర్ నొక్కితే ఆ రాకే ఒక వేటుగా మారుతుంది. అక్కడినుంచి జతి: త, క, ధి, మి. గొడ్డలి పైకి లేచింది. ఇక్కడే ఆగండి.

ఈ ఆగడమే ఇవాళ్టి పాఠంలో అన్నిటికన్నా కష్టమైన పని. ఇంకా నాలుగు అక్షరాలు మిగిలున్నాయి, వాటిని పూర్తి చేయాలని వేలు లాగుతుంది. పూర్తి చేద్దామని చూసినవాడి నెత్తిన గొడ్డలి పడుతుంది. మొదటిసారి ఆడేటప్పుడు ఆ దెబ్బకి పెద్ద నష్టం లేదు, ఒక పోషన్ తాగితే సరి. అందుకే ఆట మనకి ఈ ఆగడం ఎప్పటికీ నేర్పదు.

ఆగారు. ఇప్పుడు రెండు దారులు. మీ తర్వాతి వేటు ఎలాగూ గొడ్డలి దిగే సమయానికే పడుతుందనిపిస్తే స్క్వేర్, అది ప్యారీ అవుతుంది. అనుమానంగా ఉంటే ఆర్1, స్క్వేర్, అంటే పోయిన పాఠంలోని ఎదురుదెబ్బ. ఏ దారిన వెళ్లినా శత్రువు కాసేపు తెరిచి ఉంటాడు. ఆ సందులో జతి మళ్లీ మొదటినుంచి, ఈసారి ఎనిమిది అక్షరాలూ. చివరి కత్తివేటు తగిలిన వెంటనే డి-ప్యాడ్‌తో టోర్గల్‌ని ఉసిగొల్పండి. టోర్గల్‌కిచ్చే ఆజ్ఞకి కూడా లయ ఉంది. వేటు తగిలిన వెంటనే సరైన క్షణంలో ఇస్తే అది ప్రెసిషన్ సిక్ అవుతుంది, మామూలు దాడి కంటే గట్టిది. ఎప్పుడు పడితే అప్పుడు నొక్కేవాళ్లకి ఆ కుక్క అలంకారంగానే మిగిలిపోతుంది. అది అన్యాయం.

ఇంత జరిగేసరికి మీ చిన్న ఎబిలిటీలు ఒకటి రెండు నిండే ఉంటాయి. వెంటనే వాడకండి. శత్రువు మళ్లీ చేయి ఎత్తి దించాక వాడండి.

గరుడ అనే ఐకాన్ ఉన్నవాళ్లకి ఒక చిన్న మాట. విల్ గేజ్ సగానికి వచ్చినప్పుడు శత్రువు ఒకసారి తూలుతాడు. అప్పుడు సర్కిల్‌తో డెడ్లీ ఎంబ్రేస్ వేస్తే పెద్ద శరీరాన్ని కూడా నేలకి లాగేయొచ్చు. జతి పూర్తిగా కొట్టుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

ఇంటిపని

శిక్షణ మోడ్‌లో "తకధిమి" వరకు తప్పు లేకుండా వచ్చాక, ఆరెటె స్టోన్ దగ్గరే ఉన్న రీప్లేలో మీరు దాటేసిన ఘట్టం ఒకటి తీసుకోండి. కేయర్ నోర్వెంట్ కోటలో బెనెడిక్టాతో పోరు దీనికి బాగా కుదురుతుంది. ఒకటే నియమం: ఆర్2 ముట్టుకోవద్దు. ఎబిలిటీ ఒక్కటి కూడా లేకుండా కత్తి, మంత్రం, ఫీట్, టోర్గల్‌తోనే పోరు సాగించండి. గెలవాల్సిన పని లేదు. మీరు ఎక్కడ ఆగలేకపోతున్నారో గమనిస్తే చాలు.

ఆ తర్వాత అదే స్టోన్ దగ్గర ఆర్కేడ్ మోడ్. అక్కడ మీరు చేసిన ప్రతి నైపుణ్యానికీ పాయింట్లు పడతాయి, పేర్లు తెర మీద కనిపిస్తాయి. ర్యాంకు ఏదొచ్చిందన్నది ఇప్పుడు వదిలేయండి. మ్యాజిక్ బర్స్ట్ పేరు తరచూ వస్తోందా, ప్రెసిషన్ డాడ్జ్, ప్యారీ పేర్లు అసలు కనిపిస్తున్నాయా అన్నదే చూడండి. కథ ఆడేటప్పుడు ఇలా వెంటవెంటనే చెప్పే గురువు ఎవరూ లేరు, కాబట్టి దీన్ని బాగా వాడుకోండి.

వచ్చే పాఠంలో స్టాగర్ గురించి చెప్పుకుందాం. శత్రువు పూర్తిగా కూలినప్పుడు మనం కొట్టే కొద్దీ దెబ్బ విలువ పెరుగుతూ 1.5 రెట్ల దాకా వెళ్తుంది. అందుకని ఏ ఎబిలిటీ ముందు, ఏది వెనక అన్న వరస అక్కడ చాలా ముఖ్యం. దానికి గరుడలో గౌజ్, రాముహ్‌లో లైట్నింగ్ రాడ్ అనే ఎబిలిటీలు కావాలి. ఎబిలిటీ పాయింట్లు చాలకపోతే వాడని ఎబిలిటీలని తిరిగిచ్చేయండి, పెట్టినవన్నీ పూర్తిగా వెనక్కొస్తాయి. కుదిరితే ఆ రెండింటినీ మాస్టర్ చేసి, అంటే చివరి స్థాయికి పెంచి, పెట్టుకోండి. మాస్టర్ చేసిన ఎబిలిటీని వేరే ఐకాన్ కింద కూడా పెట్టుకోవచ్చు, వచ్చేసారి మొదటి అభ్యాసమే దాని మీద ఉంటుంది.