సేవ ఎక్కడ చేయాలో తేలకపోతే
సేవ చేయాలనుంది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీని క్రైస్తవ సంఘ యువతకు ఒక మాట. తిరుపతిలో ఉంటే ఒక పొద్దున రుయా ఆసుపత్రి ఓపీ దగ్గర నిలబడి చూడండి. పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చీటీ పట్టుకుని ఏ గదికి పోవాలో తెలీక తిరుగుతుంటారు. పండ్లు పంచి ఫోటోలు దిగే బదులు, సిబ్బందిని అడిగి వాళ్ళకు స్కానింగ్ దాకా తోడు వెళ్ళండి. యేసుప్రభువు కూడా బర్తిమయి అనే గుడ్డి భిక్షకుణ్ణి నీకేం కావాలని ముందు అడిగాడు కదా! ఆరోగ్యం బాగుంటే రక్తమివ్వండి: మగవాళ్ళు 3 నెలలకోసారి, ఆడవాళ్ళు 4 నెలలకోసారి. మంచం పక్కన ప్రార్థన మాత్రం వాళ్ళు కోరితేనే. క్రిస్మస్‌కి ఒక్కరోజు చేసి వదిలేయకుండా వారానికి ఒక పూట పెట్టుకోండి. పరీక్షలొస్తే ఆపినా ఫర్వాలేదు, ముందే చెప్పి ఆపండి.